ట్రాక్టర్‌తో లాగించాక కారు కుడికి పోతోంది: తప్పు గొలుసుదా, యాక్సిలేటర్‌దా?

గట్టుదారి:
అమలాపురం దగ్గర పంటకాలువ గట్టు. ఎదురొచ్చిన ధాన్యం లారీకి దారివ్వబోయి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఎడమ చక్రాలు రెండూ దమ్ము చేసిన చేలోకి జారాయి. ముందు ఎడమ చక్రం హబ్ దాకా దిగబడింది. ఫస్టు, రివర్సు మార్చి మార్చి పది నిమిషాలు తొక్కినా కదల్లేదు. చివరికి పక్క చేలో ట్రాక్టర్ గట్టెక్కి కారు ముందు నిలబడింది. ఎడమ చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌కి గొలుసు కట్టి రెండు కుదుపుల్లో బయటపడేశారు. ఇప్పుడు 70 దాటితే స్టీరింగ్ వణుకుతోంది. స్టీరింగ్ వదిలేస్తే బండి కుడికి పోతోంది. క్లచ్ వాసన మర్నాటికి పోయింది. ట్రాక్టర్ వాళ్లనే ఖర్చు పెట్టుకోమనాలని ఇంట్లో సగం మంది, అనకూడదని సగం మంది. అసలు లాగడం వల్లే ఇవన్నీ వస్తాయా అండి?

సార్వా దాళ్వా:
ట్రాక్టర్‌ని అనే ముందు ఆ పది నిమిషాల సంగతి తేల్చండి. దిగబడ్డ ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారులో ఒక చక్రం గట్టు మీద ఆగిపోయి, రెండోది బురదలో గిర్రున తిరుగుతుంది. మీటర్లో 50 కనపడితే ఆ చక్రం నిజానికి 100 స్పీడు మీద తిరుగుతున్నట్టు. ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే డిఫరెన్షియల్లో చిన్న పళ్లచక్రాలు ఒక పిన్ను మీద తిరుగుతాయి. అవి మలుపుల్లో కొద్దిపాటి తేడా కోసం పెట్టినవి, నిమిషాల తరబడి ఆ వేగం కోసం కాదు. ఆయిల్ పొర చెదిరిపోయి పిన్ను కాలుతుంది. వాసన వచ్చిందంటే క్లచ్ ప్లేటు కూడా తిన్నట్టే. మూడో గేర్లో 40 మీద వెళ్తూ ఒక్కసారి తొక్కి చూడండి. ఇంజన్ మోత పెరిగి బండి అందుకోకపోతే ప్లేటు పని అయిపోయినట్టు.

ఇవేవీ గొలుసు చేసినవి కాదు. సాయానికి వచ్చినవాడి మీద బిల్లు వేస్తే, రేపు గట్టు మీద దిగబడ్డవాడికి ఎవడూ తాడివ్వడు.

పద్నాలుగు స్పానరు:
డిఫరెన్షియల్ మాట ఒప్పుకుంటాను. కానీ పిన్ను కాలితే బండి కుడికి పోదు కదండీ. ఈ కేసులో అడగాల్సింది గొలుసు ఎక్కడ కట్టారు, ఎలా లాగారు అనేది.

లోయర్ ఆర్మ్ అంటే నొక్కుడు రేకు. రోడ్డు మీద వచ్చే బలాలకు తట్టుకునేలా చేస్తారు గాని, మధ్యలో గొలుసు వేసి ముందుకి గుంజడానికి కాదు. ఇక కుదుపు లెక్క చూడండి. 2 టన్నుల ట్రాక్టర్ గంటకి 5 కిలోమీటర్ల వేగంలో ఉండగా గొలుసు బిగిసిందనుకుందాం. గొలుసు సాగదు. మొత్తం 5 సెంటీమీటర్లలో ఆ వేగం చచ్చిపోతే పడే బలం సగటునే దాదాపు 4 టన్నులు, గరిష్ఠం ఇంకా ఎక్కువ. అదే సాగే నైలాన్ తాడు 60 సెంటీమీటర్లు సాగితే సగటు 330 కిలోలకి దిగుతుంది. ట్రాక్టర్ అదే, డ్రైవరూ అతనే. మారింది తాడొక్కటే.

మరో లెక్క కూడా ఉంది. బండిని ఊబిలోంచి తీసేవాళ్లు, చక్రం హబ్ దాకా దిగితే బండి బరువంత బలం, ఫెండర్ (చక్రం పైన రేకు) దాకా దిగితే రెండింతలు కావాలని అంచనా వేసుకుంటారు. మీ కారు టన్నుంటే నెమ్మదిగా లాగినా దగ్గర దగ్గర టన్ను కావాలి. పారతో చక్రం ముందు మట్టి తీసేసి, రెండు కొబ్బరి మట్టలు ఈనె వైపు కిందకి వేస్తే ఆ బలంలో చాలా భాగం తగ్గిపోయేది. టైరు గాలి 18 పీఎస్ఐకి దింపితే ఇంకా తేలిక.

మిన్నెసోటా తెలుగు:
వణుకు సంగతి వేరుగా చూడండి. ఇక్కడ మంచులోంచి లాగిన కార్లకీ అచ్చం ఇదే వణుకు వస్తుంది. రిమ్ము లోపలి వైపు మంచు గడ్డకట్టి బ్యాలెన్సు తప్పుతుంది. షోరూముకి పరిగెత్తేవాళ్లు చాలామంది, వెచ్చటి గరాజులో ఒక రాత్రి ఉంచితే తగ్గిపోతుంది. మీ ఒండ్రుమట్టికి ఆ సుఖం లేదు. కరగదు, ఎండి సిమెంటవుతుంది.

పద్నాలుగు స్పానరు:
నూటికి నూరుపాళ్లు నిజం. చక్రానికి కట్టే బ్యాలెన్సు సీసం బిళ్లలు చాలా వరకు 5 నుంచి 60 గ్రాముల మధ్య ఉంటాయి. అక్కడ పావుకిలో మట్టి ఒకే చోట అంటుకుంటే 70 దాటాక వణక్క ఏం చేస్తుంది? చక్రాలు నాలుగూ విప్పి రిమ్ము లోపలి నుంచి చెక్కముక్కతో గోకండి. స్క్రూడ్రైవర్ పెడితే ఆ సీసం బిళ్లలు కూడా ఊడొస్తాయి. వెనక బ్రేకు డ్రమ్ములు కూడా తీసి కడగాలి, లోపల మట్టి లైనర్లని ఆకురాయిలా అరగదీస్తుంది. రేడియేటర్ ముందున్న ఏసీ కండెన్సర్‌కి మాత్రం ప్రెషర్ వాషర్ పెట్టొద్దు, రెక్కలు పడుకుంటాయి. మామూలు పైపుతో, వీలైతే ఇంజన్ వైపు నుంచి బయటికి. ఆ చేను పక్కన రొయ్యల చెరువు ఉప్పునీరు పారేదైతే ఈ కడుగుడు రేపటికి వాయిదా వేయకండి.

సార్వా దాళ్వా:
అంటే వణుకు కూడా గొలుసుది కాదని తేలింది. ఇక మిగిలింది కుడికి పోవడం ఒక్కటే. గట్టు దిగేటప్పుడు చక్రం ఏ తూము రాయికో తగిలి ఆర్మ్ వంగి ఉండొచ్చు కదా? చేలో బోదెల దగ్గర కాంక్రీటు తూములు బోలెడు. పైగా ముందు బంపర్లో కొక్కెం బిగించే చోటు ఉంటుందని డ్రైవర్లలో ఎంతమందికి తెలుసు? ట్రాక్టర్ కుర్రాడికి అందుబాటులో ఆర్మ్ కనపడింది, కట్టాడు.

పద్నాలుగు స్పానరు:
కొక్కెం జాకీతో పాటే డిక్కీలో ఉంటుంది. బంపర్ మీద చిన్న మూత ఊడదీసి లోపల బిగించాలి. కొన్ని బండ్లలో మర ఎడమకి తిరుగుతుంది. ఎక్కడం లేదని సగంలో వదిలేసి లాగితే మర తెగి కొక్కెం తూటాలా లేస్తుంది, వీల్ స్పానర్ దూర్చి చివరిదాకా బిగించాలి. అయితే అదీ చదును రోడ్డు మీద దొర్లే బండిని తిన్నగా లాగడానికే, ఊబిలోంచి పక్కవాటుగా గుంజడానికి కాదని చాలా కంపెనీల పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. ముందు మట్టి తీసి, తర్వాత కొక్కెం, నెమ్మదిగా తిన్నగా లాగుడు. తాడు పొడవుకి ఒకటిన్నర రెట్ల దూరంలో మనుషులు ఉండకూడదు. తాడు మధ్యలో తడి గోనెసంచి వేస్తే తెగినా ఎగరడం తగ్గుతుంది.

అలైన్‌మెంట్ అబ్బులు:
తూము రాయా, గొలుసా అని వాదించక్కర్లేదు. చక్రం ఏ దిక్కుకి జరిగిందో కొలిస్తే తెలుస్తుంది.

రాయి ముందు నుంచి కొడితే చక్రం వెనక్కి పోతుంది. గొలుసు ముందుకి గుంజితే చక్రం ముందుకి వస్తుంది. స్టీరింగ్ తిన్నగా పెట్టి, ఎడమ వైపు ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి టేపు పట్టండి. కుడి వైపూ అలాగే. 3, 4 మిల్లీమీటర్ల తేడా పట్టించుకోనక్కర్లేదు. పది దాటితే ఏదో వంగినట్టు.

తర్వాత 3డి అలైన్‌మెంట్ కాగితంలో క్యాస్టర్, అంటే పక్క నుంచి చూస్తే స్టీరింగ్‌తో చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం, చూడండి. చాలామంది టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగిన కోణం) ఒక్కటే చూసి, అది సరిచేసి, బాగైందని పంపేస్తారు. టో సరిచేస్తే స్టీరింగ్ మధ్యకి వస్తుంది గాని వంగిన ఆర్మ్ అలాగే ఉంటుంది. చిన్న కార్లలో క్యాస్టర్ సర్దడానికి బోల్టే ఉండదు, కాబట్టి అది తేడా వచ్చిందంటే ఏదో భాగం జరిగింది లేదా వంగింది. చక్రం ముందుకి వస్తే ఆ వైపు క్యాస్టర్ పెరుగుతుంది, వెనక్కి పోతే తగ్గుతుంది. బండి ఎప్పుడూ క్యాస్టర్ తక్కువున్న వైపుకి పోతుంది. ఎడమ చక్రం రాయి తగిలి వెనక్కి పోయుంటే మీ బండి ఎడమకి పోవాలి. కుడికి పోతోందంటున్నారు. మన రోడ్లు నీరు పారడానికి ఎడమ అంచుకి వాలుగా ఉంటాయి, బాగున్న బండే కాస్త ఎడమకి జారుతుంది. ఆ వాలుకి ఎదురు పోతోందంటే తేడా చిన్నది కాదు. నా అనుమానం గొలుసు మీదే.

టైరు వల్ల కాదని తేల్చుకోవడానికి ముందు చక్రాలు రెండూ అటూ ఇటూ మార్చి నడపండి. లాగే వైపు మారితే టైరు తప్పు, మారకపోతే కింద తప్పు.

గట్టుదారి:
చక్రాలు విప్పి గోకాం, ముందు ఎడమ రిమ్ములో ఎండిన మట్టి చాలా ఉంది. వణుకు పోయింది. ముందు చక్రాలు మార్చినా కుడికే పోతోంది. టేపు కొలతలో ఎడమ వైపు 10 మిల్లీమీటర్లు ఎక్కువ. క్యాస్టర్ ఎడమ 4.9 డిగ్రీలు, కుడి 3.7. క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు) రెండు వైపులా ఇంచుమించు ఒకటే. ఆర్మ్ వెనక అంచున రంగు లేచిపోయి గొలుసు కణుపుల గుర్తులు వరసగా ఉన్నాయి. రిమ్ము మీద దెబ్బ లేదు.

అలైన్‌మెంట్ అబ్బులు:
ఇంకేం కావాలి. 1.2 డిగ్రీలంటే ఆర్మ్ చివర చక్రం వైపు కలిసే బాల్ జాయింట్ దగ్గర ఓ 12 మిల్లీమీటర్లు ముందుకి వచ్చినట్టు, మీ టేపు కొలతకి సరిపోతోంది. క్యాంబర్ బాగుందంటే ఆర్మ్ బిగించే అడ్డ దూలం, అదే క్రాస్ మెంబర్, పక్కకి జరగలేదు. అయినా దాని బోల్టుల వాషర్ల పక్కన కొత్తగా మెరిసే గీత ఏమైనా ఉందేమో టార్చి వేసి చూడండి.

సార్వా దాళ్వా:
సరే, ఆర్మ్ గొలుసు ఖాతాలోనే రాయండి. కట్టమని చూపించింది ఎవరో కూడా రాయండి మరి. కారు పక్కనే నిలబడి "అక్కడే కట్టు బాబూ" అన్నది కారువాళ్లే అయితే ట్రాక్టర్ మీద సగం కూడా పడదు. క్లచ్ మాత్రం అచ్చంగా తొక్కినవాళ్లది.

క్లెయిమ్ మనిషి:
ఇన్సూరెన్సు వైపు రెండు మాటలు. మామూలు సొంత నష్టం పాలసీలో అరుగుదల, మెకానికల్ బ్రేక్‌డౌన్ రావు. కాబట్టి కాలిన క్లచ్ రాదనే అనుకోండి. గట్టు మీంచి జారడం ప్రమాదమే, వంగిన ఆర్మ్‌ని దాని కింద అడగొచ్చు. అయితే ప్రమాదం తర్వాత రిపేరు చేయించకుండా నడిపితే పెరిగిన నష్టం యజమానిదేనని షరతుల్లోనే ఉంటుంది. ఇలా కుడికి పోతుండగా నెల తిరిగి, టైరు అంచు అరిగాక అడిగితే టైరు ఇవ్వరు. ఆర్మ్ విప్పకముందే సర్వేయర్‌కి చూపించండి, గొలుసు గుర్తులు కనపడేలా ఫొటోలు తీసి పెట్టుకోండి. క్లెయిమ్ పెట్టే ముందు నో క్లెయిమ్ బోనస్ ఎంత పోతుందో లెక్క వేసుకోండి. ఒక్క ఆర్మ్ కోసం క్లెయిమ్ గిట్టుబాటు కాకపోవడమే ఎక్కువ.

పద్నాలుగు స్పానరు:
ఆర్మ్‌ని వేడి చేసి సాగదీస్తామంటే ఒప్పుకోకండి, కొత్తదే వేయించండి. చాలా బండ్లకి బుష్షులు, బాల్ జాయింట్‌తో కలిపే వస్తుంది. అదే చేత్తో లోపలి డ్రైవ్ షాఫ్ట్ బూటు చిరిగిందేమో, గేర్‌బాక్సు దగ్గర ఆయిల్ చెమ్మ ఉందేమో చూసి, గేర్ ఆయిల్ కొంచెం వేలికి తీసుకోండి. ఇనప రజను మెరిస్తే సార్వా దాళ్వా గారి డిఫరెన్షియల్ మాట కూడా నిజమైనట్టే. కొత్త ఆర్మ్ బుష్ బోల్టులు చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగించనివ్వకండి. బండిని నేల మీదికి దించి, బరువు పడ్డాక ఆఖరి బిగింపు వేయాలి. లేదంటే రబ్బరు మెలి తిరిగి ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. అలైన్‌మెంట్ ఆ తర్వాతే.