ఓడలు ఢీకొన్నప్పుడు "ప్రమాదవశాత్తు" అని రాయవచ్చా?

విజయనగరం నుంచి, చర్చ మొదలుపెట్టినవారు:

అందరికీ నమస్కారం. నేను కాలేజీలో తెలుగు చెబుతాను. పిల్లల గోడపత్రిక కోసం సముద్రంలో ఓడలు ఢీకొన్న కేసుల మీద వ్యాసం రాస్తున్నాను. 2017 జూన్ 17న తెల్లవారకముందే, జపాన్ తీరానికి దగ్గర్లో అమెరికా యుద్ధనౌక ఫిట్జెరాల్డ్, ఏసీఎక్స్ క్రిస్టల్ అనే కంటైనర్ ఓడ ఢీకొన్నాయి. యుద్ధనౌకలో ఏడుగురు నావికులు చనిపోయారు. "రెండు నౌకలు ప్రమాదవశాత్తు ఢీకొన్నాయి" అని అందరూ రాసినట్టు రాయడానికి నాకు చేయి రావడం లేదు. ఆ వేళ ఓడను నడిపిస్తున్న అధికారి మరుసటి ఏడాది సైనిక న్యాయస్థానంలో విధి నిర్వహణలో తప్పిపోయానని ఒప్పుకున్నారు. మనిషి చేసిన తప్పు కళ్ల ముందుండగా "వశాత్తు" అంటే దాన్ని దేనిమీదకో తోసేసినట్టు ఉంది. ఇంకొకటి, అలా తన వంతులో ఓడను నడిపించే అధికారిని ఇంగ్లీషులో "వాచ్ ఆఫీసర్" అంటారు. తెలుగులో కాపలా అధికారి అనవచ్చా?

శ్రీకాకుళం నుంచి, రిటైరైన తెలుగు పండితులు:

అమ్మా, ఆ మాటకు మనమే అన్యాయం చేశాం. సంస్కృతంలో ప్రమాదం అంటే ఏమరుపాటు, అజాగ్రత్త. "స్వాధ్యాయాన్మా ప్రమదః" అని ఉపనిషత్తు శిష్యుడికి చెప్పేది చదువులో ఏమరవద్దని. "ప్రమాదో ధీమతామపి" అన్నప్పుడూ అదే అర్థం, తెలివైనవాళ్లు కూడా పొరబడతారని. ఆ లెక్కన ప్రమాదవశాత్తు అంటే "ఏమరుపాటు వల్ల" అనే. వాడుకలో ఏమరుపాటు పక్కకు పోయి, దాని ఫలితమే ప్రమాదం అయింది. ఇప్పుడు పేపర్లో "ప్రమాదవశాత్తు బావిలో పడి" అని చదివినవాడు ఎవరి తప్పూ లేదనే అనుకుంటాడు. మీ అనుమానం సరైనదే. వాచ్ ఆఫీసరుకు పాత మాట కావాలంటే యామికుడు ఉంది, జాముకాపు కాసేవాడు.

భోగాపురం వైపు నుంచి, నేవీలో పనిచేసి వచ్చినవారు:

మాస్టారూ, యామికుడు వినడానికి బాగుంది కానీ పనికి సరిపోదు. జాము అంటే మూడు గంటలు, ఓడలో వాచ్ అంటే ఒక వంతు డ్యూటీ, సాధారణంగా నాలుగు గంటలు. అది చిన్న సంగతి, వదిలేయండి. అసలు సంగతి కాపలా అన్న మాటలోనే ఉంది మేడమ్. మామిడి తోటకు కాపలా ఉన్నవాడు దొంగ వస్తే కేక వేస్తాడు, తోటను ఎక్కడికీ నడిపించడు. బ్రిడ్జి, అంటే ఓడను నడిపే పైగది, దాని మీద వాచ్ ఆఫీసర్ ఓడను నడిపిస్తాడు. చుక్కాని ఎటు తిప్పాలి, ఇంజిన్ ఎంత వేగంతో పోవాలి అన్న ఆర్డర్లు అతనివి. కెప్టెన్ నిద్రపోవచ్చు. పోయేముందు, ఏ ఓడ ఎంత దగ్గరకొస్తే నన్ను లేపాలో రాసిపెడతాడు. ఫిట్జెరాల్డ్ మీద కెప్టెన్‌ను లేపలేదు. క్రిస్టల్ తమ కుడివైపు నుంచి వస్తోంది, కాబట్టి దారి ఇవ్వాల్సింది యుద్ధనౌకే. ఇవ్వలేదు. హెచ్చరికగా ఐదు పొట్టి కూతలు వేయాలి, అవీ లేవు. రేడియోలో పిలిచిందీ లేదు.

ఓడలు ఢీకొనకుండా చేసిన 1972 నాటి అంతర్జాతీయ నిబంధనలు యుద్ధనౌకలకూ వర్తిస్తాయి. వాటిలో రెండో నిబంధన చదివితే మాస్టారు చెప్పిన అర్థమే కనిపిస్తుంది. నిర్లక్ష్యం వల్ల జరిగినదాని ఫలితం నుంచి ఓడనుగానీ, యజమానినిగానీ, కెప్టెన్‌నుగానీ, సిబ్బందినిగానీ ఈ రూల్స్ తప్పించవని అందులో ఉంది. నావికుడు మామూలుగా తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకోకపోయినా అంతే.

విజయనగరం నుంచి:

సార్, మరి కెప్టెన్ నిద్రలో ఉంటే ఆయన మీద తప్పు ఎలా పెడతారు? పిల్లలు ముందు అడిగేది ఇదే.

భోగాపురం వైపు నుంచి:

మంచి ప్రశ్న మేడమ్. వాచ్ ఇచ్చినంత మాత్రాన కెప్టెన్ చేతులు కడుక్కోవడానికి లేదు. సామర్థ్యం చాలని అధికారిని నిలబెట్టాడా, శిక్షణ సరిగా ఉందా, రద్దీ దారిలో తాను ఎందుకు పైన లేడు, ఇవన్నీ ఆయన్నే అడుగుతారు. ఫిట్జెరాల్డ్ కెప్టెన్‌ను పదవి నుంచి తీసేశారు. ఆయన మీద పెట్టిన కేసును 2019లో ఎత్తేశారు గానీ, మందలింపు లేఖ మాత్రం ఇచ్చారు. 1969లో ఫ్రాంక్ ఇ. ఎవాన్స్ అనే అమెరికా నౌక ఆస్ట్రేలియా విమానవాహక నౌక మెల్బోర్న్ ముందుకు తిరిగి రెండు ముక్కలైంది. 74 మంది పోయారు. అప్పుడూ కెప్టెన్ నిద్రలోనే ఉన్నాడు, వాచ్‌లో ఉన్న అధికారులూ ఆయనా అందరూ కోర్టు మార్షల్‌కు వెళ్లారు.

దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. వ్యాపార నౌకల ప్రమాణాల ప్రకారం, కెప్టెన్ బ్రిడ్జి మీదకు వచ్చి పక్కన నిలబడినా వాచ్ అధికారి బాధ్యత పోదు. "ఇక నేను చూసుకుంటా" అని కెప్టెన్ స్పష్టంగా చెప్పి, అది ఇద్దరికీ అర్థం కావాలి. పెద్దాయన వచ్చాడు కదా అని చిన్నవాడు, వాడు చూస్తున్నాడు కదా అని పెద్దాయన ఊరుకుంటే ఓడ ఎవరి చేతిలోనూ లేనట్టే. ఇది నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. మర్యాద ప్రాణాల మీదకు తెచ్చే చోటు ఇది.

చింతపల్లి నుంచి, చేపల వేట కుటుంబంలోని డిగ్రీ విద్యార్థిని:

సార్, మా నాన్నవాళ్లు మరబోటు మీద వెళ్తారు. రాత్రి సరంగు పడుకుంటే ఇంకొకరికి చుక్కాని ఇస్తాడు. మాకు కాపలా అనే మాట లేదు, "చుక్కాని ఎవరి చేతిలో ఉంది" అనే అడుగుతారు. వల వేసి ఉన్న పడవకు పెద్ద ఓడ తప్పుకోవాలని రూల్ ఉందని చదివాను. అది నిజమేనా?

భోగాపురం వైపు నుంచి:

నిజమే తల్లీ, ఇంజిన్ ఓడ తప్పుకోవాలి. కానీ పడవ కూడా దీపాలు పెట్టుకోవాలి. ఈడ్చే వలకు తెలుపు మీద ఆకుపచ్చ, మిగతా వలలకు తెలుపు మీద ఎరుపు. మీ పడవలోనూ ఒకరు చూస్తూ ఉండాలి. ఐదో నిబంధన చిన్నా పెద్దా చూడదు. మేడమ్, వ్యాసంలో ఈ అమ్మాయి మాటే వాడండి: "చుక్కాని చేతిలో ఉన్న అధికారి."

విజయనగరం నుంచి:

ఆ మాట నాకూ నచ్చింది. అయితే చుక్కాని పట్టుకునే నావికుడు వేరే ఉంటాడు కదా, పిల్లలు తికమక పడతారు. "వాచ్ అధికారి" అని ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు వివరిస్తాను.

శ్రీకాకుళం నుంచి, న్యాయవాది:

"ప్రమాదానికి బాధ్యుడు" అన్నది కూడా జాగ్రత్తగా రాయండి. తెలుగులో బాధ్యుడు అనగానే దోషి అని చదువుతారు. ఇక్కడ మూడు వేర్వేరు లెక్కలున్నాయి. నష్టపరిహారం కట్టేది మామూలుగా ఓడ యజమాని, యుద్ధనౌక అయితే ప్రభుత్వం. రెండూ వ్యాపార నౌకలైతే, 1910 బ్రస్సెల్స్ ఒప్పందం ప్రకారం రెండు ఓడల తప్పూ తూచి, ఎవరి వాటా వారి మీద వేస్తారు. యుద్ధనౌకలకు ఆ ఒప్పందం వర్తించదు. నేరం మనిషి మీద పడుతుంది. నౌకాదళం తన అధికారి మీద తీసుకునే చర్య ఇంకొకటి. మన నేవీ చట్టం 1957లోది. ఓడను పోగొట్టడమే కాదు, నిర్లక్ష్యంతో ఆపదలో పడేయడం కూడా అందులో నేరమే. అది కెప్టెన్‌కు ఒక్కడికే కాదు, నౌకాదళ చట్టం కిందకు వచ్చే ప్రతి మనిషికీ.

శ్రీకాకుళం నుంచి, పండితులు:

బాబూ, దాన్ని కొందరు "గండంలో పడేయడం" అంటారు, నేను ఒప్పుకోను. గండం జాతకంలో ఉంటుంది. ఆపదలో పడేయడం అన్నదే సరి, పడేసినవాడు వాక్యంలో కనబడతాడు. అమ్మా, మీ వాక్యం ఇలా పెట్టండి: "వాచ్ అధికారి ఏమరుపాటు వల్ల, కెప్టెన్‌ను లేపకపోవడం వల్ల, ఫిట్జెరాల్డ్ క్రిస్టల్‌కు దారి ఇవ్వలేదు. రెండు ఓడలు ఢీకొన్నాయి."

విజయనగరం నుంచి:

అలాగే పెడతాను మాస్టారూ. ఏడుగురు చనిపోయారన్న వాక్యం దాని వెంటనే రావాలి, మధ్యలో ఇంకేమీ ఉండకూడదు.