మారిస్ పొడొలాఫ్ పేరు ఎన్‌బీఏ ట్రోఫీకి ఎందుకు పెట్టారు?

ప్రశ్న:
అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏలో ఏటా అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చే ట్రోఫీకి, 2022లో మైకేల్ జోర్డన్ పేరు పెట్టేదాకా, మారిస్ పొడొలాఫ్ పేరే ఉండేదని చదివాను. ఆయన ఆటగాడూ కాదు, కోచ్ కూడా కాదు. న్యూహేవెన్‌లో న్యాయవాది, పైగా ఐస్ హాకీ లీగ్ అధ్యక్షుడు. అంతటి గౌరవం దక్కేలా ఆయన చేసినదేమిటో తెలిసినవారు వివరించగలరా?

సమాధానం 1:
లీగ్ పుట్టిన తీరులోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. 1946 జూన్ 6న న్యూయార్క్‌లో సమావేశమైనవారిలో ఎక్కువమంది హాకీ అరీనాల యజమానులు. హాకీ లేని రాత్రుల్లో ఖాళీగా పడి ఉండే హాళ్లను నింపుకోవడానికే వారు బాస్కెట్‌బాల్ అసోసియేషన్ ఆఫ్ అమెరికాను స్థాపించారు. కనుక తమకు తెలిసిన హాకీ అధ్యక్షుడికే దీన్నీ అప్పగించడంలో వింతేమీ లేదు. చిక్కల్లా ఏమిటంటే, పెద్ద హాళ్లు వీరివి, పేరున్న ఆటగాళ్లలో చాలామంది మాత్రం పోటీ సంస్థ అయిన నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో ఉన్నారు. 1948లో పొడొలాఫ్ అక్కడి నుంచి మినియాపొలిస్, రోచెస్టర్, ఫోర్ట్ వేన్, ఇండియానాపొలిస్ జట్లను తనవైపు తిప్పుకున్నారు. మినియాపొలిస్ లేకర్స్‌తో పాటే, జనం చేత టికెట్టు కొనిపించగల జార్జ్ మైకన్ కూడా వచ్చాడు. మరుసటి ఏడాది ఆగస్టు 3న రెండు లీగులూ కలిసి, 17 జట్లతో ఎన్‌బీఏ ఏర్పడింది. నా దృష్టిలో ఆయన చేసిన అతి పెద్ద పని ఇదే.

సమాధానం 2:
బంతి చేతికొచ్చిన జట్టు 24 సెకన్లలోపు షాట్ వేసి తీరాలనే నిబంధనను కూడా ఆయన ఖాతాలో వేసేవారున్నారు గానీ, ఆ ఆలోచన సిరాక్యూస్ జట్టు యజమాని డానీ బయసోన్‌ది. ఆధిక్యం చిక్కిన జట్టు బంతిని వదలకుండా కాలం గడిపేసే రోజులవి. 1950 నవంబరులో ఫోర్ట్ వేన్ జట్టు లేకర్స్‌ను ఓడించిన మ్యాచ్ స్కోరు 19-18. బయసోన్ లెక్క ఇది: రక్తి కట్టిన మ్యాచ్‌లో ఇరుజట్లూ కలిసి సుమారు 120 షాట్లు వేస్తాయి, 48 నిమిషాలంటే 2,880 సెకన్లు, భాగిస్తే 24. 1954లో దానిని అమలులోకి తెచ్చిన లీగ్‌కు అధ్యక్షుడు పొడొలాఫ్. మీరడిగిన పురస్కారం మొదలైనదీ ఆయన హయాంలోనే. 1955-56 సీజన్‌కు బాబ్ పెటిట్ తొలిసారి అందుకున్నాడు.

సమాధానం 3:
పందేల వ్యవహారాన్ని కూడా చేర్చాలి. 1951లో కాలేజీ బాస్కెట్‌బాల్‌లో బయటపడిన మ్యాచ్ ఫిక్సింగ్ కుంభకోణం వల్ల ఆట మీదే నమ్మకం సడలింది. అందుకే 1954లో, ఫోర్ట్ వేన్ ఆటగాడు జాక్ మోలినాస్ సొంత జట్టు మ్యాచ్‌లపై పందెం కాసినట్లు ఒప్పుకోగానే, అది తన జట్టు గెలుపు మీద కాసినదే అయినా, పొడొలాఫ్ అతనిని నిరవధికంగా సస్పెండ్ చేశారు. గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద మోలినాస్ వేసిన దావాను 1961లో న్యాయస్థానం కొట్టివేసింది. న్యాయవాది అధ్యక్షుడిగా ఉండటం లీగ్‌కు ఎందుకు కలిసివచ్చిందో చెప్పడానికి నేనైతే ముందుగా ఈ ఉదంతాన్నే ఎంచుకుంటాను.