‘జోక్యం’ కాకుండా ఇంకో మాట ఉందా?

గ్రూపులో అందరికీ నమస్కారం. పోటీ పరీక్షల పుస్తకం ఒకటి తెలుగు చేస్తూ సోమాలియా దగ్గర ఇరుక్కుపోయాను. 1992లో అక్కడి కరువు చూసి ఐక్యరాజ్యసమితి సైన్యాన్ని పంపించడాన్ని మన పేపర్లు ‘మానవతా జోక్యం’ అంటాయి. నాకు ఆ రెండు మాటలూ ఒక ఒరలో ఇమడటం లేదు. మా ఇంట్లో జోక్యం అంటే తిట్టే. ‘మధ్యలో మీ జోక్యమేంటి’ అని మా ఆవిడ రోజుకోసారైనా అంటుంది. చెన్నై గిండీలో మా ఆఫీసులో తమిళ మిత్రుణ్ణి అడిగితే వాళ్ళది ‘తలైయీడు’ అట. అక్కడా తల ఉంది, మన ‘తలదూర్చడం’లోనూ ఉంది, కానీ వాళ్ళ పేపర్లో అది తిట్టు కాదు. మనకి వేలు పెట్టినా తప్పే, తల దూర్చినా తప్పే. మంచి మాట చెప్పండి.

— జోక్యం అన్నిసార్లూ తిట్టు కాదండీ. ‘హైకోర్టు జోక్యంతో పింఛను వచ్చింది’ అంటే ఎవరైనా నొచ్చుకుంటారా? పైవాడు చేస్తే ‘జోక్యంతో’, పక్కవాడు చేస్తే ‘జోక్యమేంటి’.

— సరే, సోమాలియాకి ఐక్యరాజ్యసమితి పైవాడా, పక్కవాడా? నా తిరకాసంతా అక్కడే!

— ‘కల్పించుకోవడం’ మర్చిపోయారు. ‘పెద్దాయన కల్పించుకుని సర్దిచెప్పాడు’ అంటాం కదా.

— తుపాకులతో దిగినవాణ్ణి పట్టుకుని ‘కల్పించుకున్నాడు’ అంటే నవ్వుతారండీ.

— నాకు ‘కరువు’ మీదే అనుమానం. వాన పడకపోయినా కరువే, మనుషులు ఆకలితో పోయినా కరువే. ‘కరువు మండలం’ అని ప్రభుత్వం ప్రకటిస్తే జనం చచ్చిపోతున్నారని కాదు కదా. సోమాలియాలో వానలు లేకపోవడం సగం సంగతే. 1991 జనవరిలో అక్కడి అధ్యక్షుడు సియాద్ బారే పారిపోయాక ముఠాలు కొట్టుకున్నాయి, పొలాలు దోచాయి, రేవులో దిగిన సాయం బియ్యాన్నీ ఎత్తుకుపోయాయి. ‘కరువు’ అంటే ఆ తుపాకీ కనపడదు, నేరం మేఘం మీదకి పోతుంది. మన ధాత కరువూ అంతే (తమిళంలో తాదు వరుష పంజం, 1876-78). దేశం నుంచి ధాన్యం ఎగుమతి అవుతూనే ఉంది. పని శిబిరాల్లో కూలీని బ్రిటిష్ సర్కారు పంపిన టెంపుల్ దొర రోజుకి పౌను ధాన్యం, ఒక అణాకి కోసేశాడు. తిరుమయిలై స్టేషన్ మెట్లు దిగితే ముక్కు మూసుకుని దాటే బకింగ్‌హామ్ కాలువ ఉంది చూశారా, అడయారు, కూవం నదుల మధ్య ఆ ముక్కని ఆ ఏళ్ళలో తవ్వింది ఆకలితో వచ్చినవాళ్ళే. నేను ‘క్షామం’ వైపు.

— క్షామం రాస్తే పిల్లలకి పరీక్షలో టెన్షనే! కరువే ఉంచండి. నా గొడవ జోక్యంతోనే. అదొక్క పని కాదు, రెండు. 1992 డిసెంబరు 3న సైన్యాన్ని పంపడానికి ఒప్పుకుంటూ భద్రతామండలి 794వ తీర్మానం చేసింది. 9న అమెరికా సైనికులు సోమాలియా రాజధాని మొగదిషు ఒడ్డున దిగారు, వాళ్ళకంటే ముందు టీవీ కెమెరాలు అక్కడ కాచుకుని ఉన్నాయి. లారీలకి రక్షణ ఇచ్చి తిండి ఊళ్ళకి చేర్చడం అప్పటి పని. దానికి మనకి చక్కటి మాట ఉంది, కాపలా. 1993 జూన్ 5న 24 మంది పాకిస్తానీ శాంతి సైనికుల్ని చంపారు, అక్కణ్ణుంచి ముఠా నాయకుడు ఐదీద్ కోసం వేట మొదలైంది. అక్టోబరు 3, 4 తేదీల పోరాటంలో 18 మంది అమెరికన్లు, వందల్లో సోమాలీలు పోయారు. ఇది జోక్యం, మీ ఆవిడగారు అనే అర్థంలోనే. రెండింటికీ ఒకే పేరు పెడితే లారీకి చెప్పాల్సిన దండం వేటకీ చెప్పినట్టవుతుంది.

— మరి ‘మానవతా’?

— తీసెయ్యండి. దిగేవాడు తనకి తాను తగిలించుకున్న బిరుదు అది. ఎవరికి ఏం మిగిలిందో చూశాక చదివేవాళ్ళే ఇస్తారు.

(రెండు రోజుల తర్వాత)

— అందరికీ థాంక్స్. మొదటి పేరాలో ‘సైనిక కాపలా’, రెండో పేరాలో ‘సైనిక జోక్యం’ అని పంపాను. ఎడిటరుగారు రెండూ కొట్టేసి ‘మానవతా జోక్యం’ పెట్టారు. సిలబస్‌లో అలాగే ఉందట. కరువు జోలికి మాత్రం ఆయన పోలేదు.