అమ్మ శుక్లం ఆపరేషనంటే భయపడుతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది విశాఖ, గాజువాక. అమ్మకి 66 ఏళ్లు, షుగరుంది. ఏడాదిగా కుడికన్ను మసక. రాత్రి ఎదురొచ్చే బండి లైటు చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయంటోంది. మొన్న బియ్యంలో రాళ్లు ఏరలేక చేట నా చేతికిచ్చేసింది. అప్పుడే నాకు గట్టిగా తగిలింది.

పెదవాల్తేరు ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో చూపిస్తే శుక్లం ముదురుతోంది, ఆపరేషన్ చేయాలన్నారు. చుక్కలతో మొద్దుబార్చి, చిన్న గాటుతో మసకబారిన కటకం తీసి కొత్త లెన్సు పెడతారట. అమ్మ ససేమిరా అంది. ఎప్పుడో మా తాతకి చేశాక సోడాబుడ్డి అద్దాలు పడ్డాయి, ఆ భయం పోలేదు. అప్పట్లో లెన్సు పెట్టేవారు కాదని చెప్పినా వినదు.

ఈలోపు పక్కింటి పిన్నిగారు నందివర్ధనం పూల రసంలో తేనె కలిపి కంట్లో వేయమన్నారు. రెండు రోజులు వేసింది, కన్ను చింతనిప్పే! ఆపించాను. పొన్నగంటి కూర మాత్రం వండుతున్నాను, తింటే నష్టం లేదుగా. చుక్కలతో శుక్లం కరగదని డాక్టరు తేల్చేశారు. నాకూ అదే నిజమనిపిస్తోంది.

షుగరున్న పెద్దవాళ్లకి ఈ ఆపరేషన్ చేయించినవాళ్లున్నారా? ముందు షుగరు ఎంతకి తెచ్చుకోమన్నారు? తర్వాత వంటింటి పొగకి, తలస్నానానికి ఎన్నాళ్లు దూరంగా ఉంచారు? అన్నిటికంటే ముఖ్యం, మీ అమ్మానాన్నల్ని ఎలా ఒప్పించారు?