కాలేజీ ఆటలన్నీ చూస్తున్నా నా మాక్ డ్రాఫ్ట్ ఎందుకు తప్పుతోంది?

శనివారం_ఆట:

అందరికీ నమస్కారం. మా ఆఫీసులో ఏటా ఏప్రిల్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ (అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) మీద ముందే పేర్లు ఊహించి రాసే పోటీ, అంటే మాక్ డ్రాఫ్ట్, పెట్టుకుంటాం. మొదటి రౌండ్ వరకే, 32 పేర్లు రాయాలి. మనం రాసిన ఆటగాడు మొదటి రౌండ్‌లో పోతే 1 పాయింటు, ఏ టీమ్‌కి పోతాడో కూడా కలిస్తే ఇంకో 2. డబ్బులేమీ లేవు. అయినా నాకు ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే సెప్టెంబర్ నుంచి సీజన్ అయ్యేదాకా ప్రతి శనివారం మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి వరకు కాలేజీ ఫుట్‌బాల్ చూసేది మా వాళ్లలో నేనొక్కడినే. గెలిచేది మాత్రం వరుసగా మూడేళ్లుగా మా టీమ్‌లోనే ఇంకొకాయన. ఆయన కాలేజీ ఆటలు దాదాపు చూడడు.

2025లో నేను రాసినవి చెప్తాను. షెడూర్ శాండర్స్‌ని 21వ పిక్‌లో, అంటే 21వ వంతులో, స్టీలర్స్‌కి రాశాను. కొలరాడో ఆటలు దాదాపు అన్నీ చూశాను, అతని పాస్ ఎంత కచ్చితంగా చేతిలో పడుతుందో చూశాను, స్టీలర్స్‌కి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) కావాలి, ఇంకేం ఆలోచించాలి అనుకున్నాను. స్టీలర్స్ డిఫెన్సివ్ లైన్ కుర్రాడు డెరిక్ హార్మన్‌ని తీసుకున్నారు. శాండర్స్ గురువారం పోలేదు, శుక్రవారం పోలేదు, శనివారం ఐదో రౌండ్‌లో 144వ పిక్ దాకా ఆగాల్సొచ్చింది. మిషిగన్ కార్నర్‌బ్యాక్ (ఎదుటి రిసీవర్లకు కాపు కాసేవాడు) విల్ జాన్సన్‌ని కూడా మొదటి రౌండ్‌లోనే పెట్టాను, అతను 47 దాకా జారాడు. ట్రావిస్ హంటర్ బ్రౌన్స్‌కి, మేసన్ గ్రాహమ్ జాగ్వార్స్‌కి అని రాశాను, టీమ్‌లు రెండూ తప్పాయి. కామ్ వార్డ్ టైటన్స్‌కి, ఆష్టన్ జెంటీ రైడర్స్‌కి కలిశాయి కానీ అవి ఆఫీసులో చాలామందికి కలిశాయి.

ఇన్ని ఆటలు చూసి కూడా తప్పుతున్నానంటే నేను చూసే పద్ధతిలోనే ఏదో లోపం ఉండాలి. మీరు ఏం చూస్తారు, ఎవరి మాట నమ్ముతారు? ఎంత పొడుగ్గా చెప్పినా చదువుతాను.

పాత_స్కోర్‌బోర్డు:

మీరు ఆటగాడి గురించి ఆలోచిస్తున్నారండీ, మీ పోటీ అడిగేది టీమ్‌ల గురించి. ఎవడు బాగా ఆడతాడో అన్నది ఒక లెక్క, గురువారం రాత్రి 32 గదుల్లో కూర్చున్నవాళ్లు ఎవరి పేరు రాసి పంపుతారో అన్నది ఇంకో లెక్క. ఈ రెండూ చాలాసార్లు కలవవు. 2017లో బేర్స్ ఒక మెట్టు పైకి ట్రేడ్ చేసి (వేరే టీమ్‌తో పిక్ మార్చుకుని) మరీ 2వ పిక్‌లో మిచెల్ ట్రుబిస్కీని తీసుకున్నారు, పాట్రిక్ మహోమ్స్ 10వ పిక్ దాకా ఉన్నాడు. ఆ ఏడాది మహోమ్సే గొప్పవాడని సరిగ్గా పసిగట్టి 2లో రాసినవాడికి టీమ్ పాయింట్లు రాలేదు, ట్రుబిస్కీ అని రాసినవాడికి వచ్చాయి. తర్వాత స్టార్లయిన టామ్ బ్రాడీ 199వ పిక్, బ్రాక్ పర్డీ 262, అంటే 2022 డ్రాఫ్ట్ మొత్తానికి ఆఖరి పేరు. రిచర్డ్ థేలర్, కేడ్ మాసీ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని లెక్కగట్టారు కూడా. ఒకే పొజిషన్‌లో ముందు తీసుకున్నవాడు ఆ తర్వాత తీసుకున్నవాడి కంటే మెరుగ్గా రాణించే అవకాశం సగం కన్నా కొంచెమే ఎక్కువని తేలింది. టీమ్‌లకే తెలియని సంగతి మనకు తెలియాలని పట్టుబట్టడం కంటే టీమ్‌ల అలవాట్లు తెలుసుకోవడం తేలిక.

ముందు పొజిషన్ చూడండి. శనివారం మీకు బాగా నచ్చే రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు) ఎంత గొప్పవాడైనా సరే, 2022లో మొదటి రౌండ్‌లో ఒక్క రన్నింగ్ బ్యాక్ కూడా పోలేదు, 2024లోనూ అంతే. సేఫ్టీలు (డిఫెన్స్‌లో అందరికంటే వెనక కాపు కాసేవాళ్లు), గార్డులు (లైన్ మధ్యలో అడ్డు నిలిచేవాళ్లు) కూడా అనుకున్నదానికంటే కిందికే పోతారు. కైల్ హామిల్టన్ లాంటివాడు 14 దాకా ఉన్నాడు. టాకిల్ (లైన్ చివర అడ్డు నిలిచేవాడు), ఎడ్జ్ రషర్ (పక్క నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి వచ్చేవాడు), కార్నర్, వైడ్ రిసీవర్ (పాస్ అందుకునేవాడు), వీళ్ల విషయంలో సందేహం వస్తే పైకే రాయండి. మినహాయింపులు ఉంటాయి, 2023లో లయన్స్ జమీర్ గిబ్స్‌ని 12లో తీసుకుంటారని ఎవరు రాశారు! కానీ 32 పేర్ల జాబితా మినహాయింపుల మీద నిలబడదు.

క్వార్టర్‌బ్యాక్ దగ్గరే అందరూ ఎక్కువ పోగొట్టుకునేది. మిగతా పొజిషన్లలో ఆటగాడు జారితే ఐదు పిక్‌లో పదో జారతాడు. క్వార్టర్‌బ్యాక్ జారితే గోతిలోకే. 2022లో మాలిక్ విల్లిస్ మొదటి రౌండ్ అన్నారు, 86లో పోయాడు, ఆ ఏడాది మొదటి రౌండ్‌లో పోయిన క్వార్టర్‌బ్యాక్ 20వ పిక్‌లో కెన్నీ పికెట్ ఒక్కడే. 2023లో విల్ లెవిస్ రాత్రంతా కూర్చుని రెండో రోజు 33లో పోయాడు. తర్వాత మీ శాండర్స్. కారణం ఏంటంటే, ఇతనే మా స్టార్టర్ అని ఒక్క టీమైనా గట్టిగా అనుకోకపోతే బ్యాకప్ కోసం మొదటి రౌండ్ పిక్ ఎవరూ పెట్టరు. మధ్యలో ఆగే మెట్టు లేదు. అదే గట్టిగా అనుకున్న టీమ్ ఒకటుంటే ఎంత పైనైనా తీసుకుంటారు. 2024 మార్చిలో ఫాల్కన్స్ కిర్క్ కజిన్స్‌తో 4 ఏళ్లకు 18 కోట్ల డాలర్ల దాకా ఒప్పందం చేసుకుని ఏప్రిల్‌లో 8వ పిక్‌ని ఇంకో క్వార్టర్‌బ్యాక్ మైకేల్ పెనిక్స్ మీద పెట్టారు. ఆ ఏడాది మొదటి 12 పిక్‌లలో ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు. అందుకే ప్రతి క్వార్టర్‌బ్యాక్ పక్కన ఒక టీమ్ పేరు, ఆ టీమ్ ఇతన్ని నిజంగా కోరుకుంటోందనడానికి కనీసం రెండు వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన వార్త ఉంటేనే రాయండి. టీమ్‌కి అవసరం ఉంది అన్నది వార్త కాదు. అవసరం మనందరికీ కనిపిస్తుంది, ఆ కుర్రాడే కావాలని వాళ్లకు ఉందో లేదో మాత్రం కనిపించదు.

మూడోది, ఎంపిక చేసే మనిషి అలవాట్లు. ప్యాకర్స్ 2002లో జావన్ వాకర్ తర్వాత మొదటి రౌండ్‌లో వైడ్ రిసీవర్‌ని తీసుకోనే లేదు. అప్పటి వాళ్ల క్వార్టర్‌బ్యాక్ ఏరన్ రాడ్జర్స్‌కి రిసీవర్ కావాలి అని ఏటా మాక్‌లలో అదే రాసేవారు. 2020లో పైకి ట్రేడ్ చేసి మరీ జోర్డన్ లవ్‌ని, క్వార్టర్‌బ్యాక్‌ని, 26లో తీసుకున్నారు. ఆ వరుస తెగింది 2025లో, అదీ డ్రాఫ్ట్ గ్రీన్ బేలో జరిగిన ఏడాది, 23లో మాథ్యూ గోల్డెన్‌తో. ఈగిల్స్‌లో జనరల్ మేనేజర్ హోవీ రోజ్‌మన్ 2022, 2023 రెండేళ్లలో జార్జియా నుంచి ఐదుగుర్ని తీసుకున్నాడు. యజమాని అల్ డేవిస్ ఉన్నంతకాలం రైడర్స్‌కి వేగమే వేగం, 2009లో మైకేల్ క్రాబ్‌ట్రీ ఉండగానే 7లో డేరియస్ హేవర్డ్-బేని తీసుకున్నారు, 40 గజాలు 4.30 సెకన్లలో పరుగెత్తాడు కాబట్టి. ప్రతి జనరల్ మేనేజర్ గత ఐదారేళ్ల మొదటి రౌండ్ పిక్‌లు ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్క సాయంత్రం పని, నాకైతే అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది అదే.

మూడో_డౌన్:

పై అన్నతో చాలావరకు ఏకీభవిస్తాను కానీ ఆటలు చూడటం దండగ అన్నట్టు అర్థం వస్తోంది, అది ఒప్పుకోను. చూసేది మార్చుకోవాలి అంతే. 2022 గుర్తుందా, ఏడన్ హచిన్సన్ మిషిగన్‌లో 14 శాక్‌లు (బంతి చేతిలో ఉన్న క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం), కాలేజీ ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ఓటింగ్‌లో రెండోవాడు. జార్జియాలో ట్రావన్ వాకర్‌కి ఆ సీజన్‌లో 6. జాగ్వార్స్ 1వ పిక్‌లో వాకర్‌ని తీసుకున్నారు. 272 పౌండ్ల మనిషి కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కి ముందు ఆటగాళ్లను పరీక్షించే చోట) 40 గజాలు 4.51లో పరుగెత్తితే స్కౌట్‌లు ఆ ఆరు శాక్‌లను చూడరు, ఆ శరీరానికి మా కోచ్‌లు ఏం నేర్పగలరు అని చూస్తారు. జాష్ ఆలెన్ కూడా అంతే, వయోమింగ్‌లో పాస్‌లు పూర్తయింది 56 శాతం దగ్గర, అయినా 2018లో 7వ పిక్, ఎందుకంటే ఆ చెయ్యి, ఆ ఎత్తు.

కాబట్టి శనివారం చూసేటప్పుడు ఎవరు గెలిపించారు అని కాకుండా, ఎవరి కాళ్లు వేగంగా కదులుతున్నాయి, ఎవరి చేతులు పొడుగు, ఎవరు రెండు మూడు పొజిషన్లలో ఆడుతున్నారు అని రాసుకోండి. జనవరిలోనే మీ దగ్గర అలాంటి పేర్లు పది ఉంటే, కంబైన్ తర్వాత అందరూ వాటినే పట్టుకుని మాట్లాడటం మీరే చూస్తారు. మీ ఆఫీసాయనకి ఆ ముందుచూపు ఉండదు.

శనివారం_ఆట:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. జనరల్ మేనేజర్ల కాగితం ఈ రాత్రే మొదలుపెడతాను. ఒక అనుమానం. టీమ్‌కి నిజంగా ఆ కుర్రాడు కావాలనే వార్త ఉండాలన్నారు కదా, డ్రాఫ్ట్ వారంలో వచ్చే వార్తల్లో సగం టీమ్‌లే కావాలని వదిలే పుకార్లంటారు. ఏది నమ్మాలో ఎలా తెలుస్తుంది? ఇంకా ట్రేడ్‌లను ఏం చేయాలి, అవి ఊహించడం నాకు అసాధ్యంగా కనిపిస్తోంది.

ఇండియానాపోలిస్_గేటు:

పుకారు ఎవరి నోట్లోంచి వచ్చిందో చూడాలండీ. 2023లో విల్ లెవిస్‌ని పాంథర్స్ 1వ పిక్‌లో తీసుకుంటున్నారని రెడిట్‌లో పేరు లేని ఎవరో రాస్తే, ఆ ఒక్క పోస్టుతో బెట్టింగ్ రేట్లే కదిలిపోయాయి. పాంథర్స్ తీసుకున్నది బ్రైస్ యంగ్‌ని. పేరున్న విలేకరులు కూడా తప్పుతారు, 2021లో 49ఎర్స్ 3వ పిక్ కోసం తమ పిక్‌తో పాటు మరో రెండేళ్ల మొదటి రౌండ్ పిక్‌లు ఇచ్చేశారు, మాక్ జోన్స్ కోసమే అని చాలామంది గట్టిగా చెప్పారు, తీరా ట్రే లాన్స్‌ని తీసుకున్నారు. నేను పాటించేది ఇదీ: ఒక టీమ్‌ని ఏడాది పొడుగునా కవర్ చేసే స్థానిక విలేకరి ఆ టీమ్ గురించి రాస్తే నమ్ముతాను, అదే మనిషి వేరే టీమ్ గురించి చెప్తే పక్కన పెడతాను. ప్రతి టీమ్ 30 మంది ఆటగాళ్లను తమ దగ్గరికి పిలిపించుకోవచ్చు, ఆ పేర్లు ఎక్కువగా బయటికి వస్తాయి. పిలిచారంటే తీసుకుంటారని కాదు, గాయం గురించి అడగడానికీ పిలుస్తారు. కానీ పిలవడం, ప్రో డేకి (కాలేజీలో ఆటగాళ్లు స్కౌట్‌ల ముందు చేసి చూపించే రోజు) హెడ్ కోచ్ స్వయంగా వెళ్లడం, స్థానిక విలేకరి మాట, మూడూ ఒకే పేరు మీద పడితే నేను రాసేస్తాను.

గాయాల సంగతి ఎవరూ ఎత్తలేదు. కంబైన్ అంటే అందరికీ పరుగే గుర్తొస్తుంది, 2024లో జేవియర్ వర్తీ 4.21 రికార్డు అదీ ఇదీ, కానీ అసలు కంబైన్ మొదలైందే డాక్టర్లు అందరినీ ఒకే చోట పరీక్షించడానికి. ఆ రిపోర్టులు మనకు కనిపించవు. 2016లో జేలన్ స్మిత్, మైల్స్ జాక్ ఇద్దరూ మోకాళ్ల వల్లే రెండో రౌండ్‌కి జారారు, ఆటను బట్టి చూస్తే ఇద్దరూ పైన పోవాల్సినవాళ్లే. మీ విల్ జాన్సన్ విషయంలోనూ మోకాలి మాట వినిపించింది. పెద్ద పేరున్న ఆటగాడి గాయం గురించి ఏప్రిల్‌లో రెండోసారి వార్త వస్తే అతన్ని తీసేయండి, మనసు ఒప్పకపోయినా.

ట్రేడ్‌ల గురించి. 2025లో హంటర్, గ్రాహమ్ దగ్గర మీరు పోగొట్టుకున్నది సరిగ్గా ఒక్క ట్రేడ్ వల్లే. జాగ్వార్స్ 5 నుంచి 2కి ఎగబాకి హంటర్‌ని తీసుకున్నారు, బ్రౌన్స్ 5కి దిగి గ్రాహమ్‌ని తీసుకున్నారు. మీరు రాసిన ఇద్దరూ మీరు రాసిన అంకెల దగ్గరే పోయారు, టీమ్‌లు మాత్రం తారుమారయ్యాయి. అలాంటిది ఊహించలేం, వదిలేయండి. ఊహించగలిగేది రౌండ్ చివర. మొదటి రౌండ్‌లో తీసుకున్నవాడికే ఐదో ఏడాది ఆప్షన్ (టీమ్ కావాలనుకుంటే ఒప్పందాన్ని ఐదో ఏడాదికి పొడిగించుకునే వీలు) ఉంటుంది, అందుకని క్వార్టర్‌బ్యాక్ కావాల్సిన టీమ్ రెండో రౌండ్ మొదట్లో ఉంటే పైకి రావడానికి చూస్తుంది. 2018లో రేవన్స్ అయితే 52 నుంచే 32కి వచ్చి లమార్ జాక్సన్‌ని తీసుకున్నారు, 2025లో జయింట్స్ 34 నుంచి 25కి వచ్చి జాక్సన్ డార్ట్‌ని తీసుకున్నారు. 33 నుంచి 40 మధ్య ఏ టీమ్‌లు ఉన్నాయో చూసి ఒక్క ట్రేడ్ రాయండి, అంతకుమించి వద్దు.

జాబితా ముందురోజే లాక్ చేయొద్దు. 2016లో డ్రాఫ్ట్ మొదలవడానికి కొన్ని నిమిషాల ముందు లారమీ టన్సిల్ ట్విటర్ ఖాతాలో అతను మాస్కు పెట్టుకుని పొగ పీలుస్తున్న వీడియో పడింది, అతను 13 దాకా జారాడు.

శనివారం_ఆట:

మీరు చెప్పినట్టు నా జాబితా మళ్లీ చూసుకున్నాను. 25 నుంచి 32 మధ్య ముగ్గురు కుర్రాళ్లున్నారు, ముగ్గురి ఆటా నాకు చాలా ఇష్టం, ఒక్క విలేకరి కూడా వాళ్ల పేరు మొదటి రౌండ్‌లో చెప్పడం లేదు. ఒకడు గార్డ్, ఒకడు సేఫ్టీ, ఒకడు ఎడ్జ్. తీసేయాలంటే మనసు రావట్లేదు.

పాత_స్కోర్‌బోర్డు:

గార్డునీ సేఫ్టీనీ తీసేయండి. ఎడ్జ్ కుర్రాడి చేతుల పొడవు, 10 గజాల పరుగు చూడండి, రెండూ బాగుంటే ఉంచండి. అందరూ చెప్పే పేర్లే 32 రాస్తే మీ ఆఫీసాయనతో సమానంగా వస్తారు తప్ప దాటలేరు, ఆ ఒక్కడు మీరు శనివారాలు కూర్చుని చూసినవాడే అయి ఉండాలి. అతని పక్కన ఏ టీమ్ రాస్తున్నారో గురువారం ఇక్కడ చెప్పండి, నేనూ చూస్తుంటాను.