మొక్కల రసంతో చేసినంత మాత్రాన నానో ఉత్ప్రేరకం ‘గ్రీన్’ అవుతుందా?

నెల్లూరు_ఎంఎస్సీ:
గూడూరు మార్కెట్టు నిమ్మకాయల తొక్కలు ఉడికించి, ఆ రసాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో కలిపాను. రంగులేని ద్రావణం గోధుమ రంగుకు తిరిగింది, అంటే నానో వెండి (కంటికి కనబడనంత చిన్న వెండి కణాలు) తయారైంది. అది ఉత్ప్రేరకంగా (తాను ఖర్చవకుండా చర్యను వేగం చేసేదిగా) వేసి, సోడియం బోరోహైడ్రైడ్ అనే రసాయనం సాయంతో 4-నైట్రోఫినాల్‌ను 4-అమైనోఫినాల్‌గా మార్చాను. పారాసిటమాల్ తయారీకి కావాల్సింది ఈ అమైనోఫినాలే. ద్రావణం ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూపే స్పెక్ట్రంలో 400 నానోమీటర్ల దగ్గరి నైట్రోఫినాల్ శిఖరం తగ్గి, 300 దగ్గర అమైనోఫినాల్‌ది కొత్తగా లేచింది. ప్రాజెక్టు పేరులో ‘గ్రీన్’ అని పెట్టాను. వైవాలో సార్ "ఇందులో పర్యావరణానికి జరిగిన మేలేమిటి?" అని అడిగారు. నోరు పెగల్లేదు. అప్పటి నుంచీ టెన్షన్‌గా ఉంది.

ఒంగోలు_లెక్చరర్:
మీ సార్ అడిగింది న్యాయమైన ప్రశ్న. బోరోహైడ్రైడ్ ఎంత వేశావమ్మా? నైట్రోఫినాల్‌కు వంద రెట్లు వేయడం ఈ ప్రయోగంలో మామూలే. వెండి కణాల తయారీలో తొక్క రసం వల్ల తప్పిన రసాయనం కంటే అక్కడ పోసిందే ఎక్కువైతే ఆదా ఎక్కడ? పాత పద్ధతులన్నీ విషమని కూడా అనుకోకు. 1951లో టర్కెవిచ్ బృందం బంగారు నానోకణాలను చేసింది నీళ్లలోనే, సిట్రేట్‌తోనే. నీ నిమ్మకాయలో ఉండే ఆమ్లం తాలూకు లవణమే అది. 1998లో అనస్తాస్, వార్నర్ రాసిన గ్రీన్ కెమిస్ట్రీ 12 సూత్రాల్లో మొదటిది వ్యర్థం పుట్టకుండా చూడడం. మొక్క వాడడమనేది పునరుత్పాదక ముడిసరుకు అనే ఒక్క సూత్రం కిందికే వస్తుంది. మిగతా 11 మాటేమిటి?
ఇంకొకటి. ఎండాకాలం కాయ, వానాకాలం కాయ ఒకే రసం ఇవ్వవు. రసం మారితే కణాల సైజు మారుతుంది, సైజు మారితే చర్య వేగం మారుతుంది.

పొదలకూరు_పిల్లోడు:
సార్, ఒక్క మాట. నేను చదివిన కాలేజీ ల్యాబులో ఫ్యూమ్ హుడ్ (ఘాటు ఆవిర్లను బయటికి లాగేసే గూడు) లేదు. నానోకణాల తయారీకి వాడే హైడ్రజీన్ సీసా మూత తీసిన రోజు కళ్లు మండి బయటికి పరిగెత్తాను. అక్కడ తొక్క రసం వాడి ఉంటే ఆ పూట నా ఊపిరితిత్తులకైనా మేలు జరిగేది. చేసే మనిషి క్షేమం కూడా ఆ 12 సూత్రాల్లో ఉంది కదా?

ఒంగోలు_లెక్చరర్:
ఉంది బాబూ. ఆ మాట ఒప్పుకుంటున్నాను.

కావలి_రొయ్యల_రైతు:
నేను కెమిస్ట్రీ చదవలేదు, అయినా ఒకటి అడుగుతాను. ఆ గ్లాసులు కడిగిన నీళ్లు ఎక్కడ పోశావమ్మా? వెండి అయాన్లు నీళ్లలో కలిస్తే చేపకీ రొయ్యకీ విషం. మా గుంటలకు నీళ్లొచ్చేది కాలువల నుంచే. మీ సింకు నీళ్లు చివరికి ఎక్కడ తేలతాయో మాకు తెలియదు. అది తేలకుండా గ్రీన్ అంటే మా మనసు ఒప్పుకోదు. మా దగ్గర రొయ్య పెంకు చాలా మిగులుతుంది, దాన్నుంచి కైటోసాన్ తీసి లోహకణాలకు ఆధారంగా వాడతారని విన్నాను. అది పనికొస్తుందా?

ఒంగోలు_లెక్చరర్:
పనికొస్తుందండీ. కైటోసాన్‌లోని అమైన్ సమూహాలు లోహాన్ని బాగా పట్టుకుంటాయి. కాకపోతే పెంకు నుంచి దాన్ని తీయడానికి ముందు హైడ్రోక్లోరిక్ ఆమ్లం, తర్వాత 40-50 శాతం గాఢత ఉన్న కాస్టిక్ సోడా కావాలి. ఆ నీళ్ల సంగతి కూడా మీరడిగిన లెక్కలోనే వేయాలి. నన్నడిగితే ఊక బూడిద నయం. అందులో ఎక్కువ భాగం సిలికానే, మిల్లులో ఊక ఎలాగూ కాలి మిగిలేదే అది. దానికి వెండి కణాలు గట్టిగా అంటుకుంటే వడగట్టి మళ్లీ మళ్లీ వాడొచ్చు, కాలువలోకి పోయేదీ తగ్గుతుంది.

నెల్లూరు_ఎంఎస్సీ:
అన్నా, నిజం చెబుతున్నాను, కడిగిన నీళ్లు సింకులోనే పోశాను. ఇక పోయను. ఉప్పు నీళ్లు కలిపి వెండి అయాన్లను సిల్వర్ క్లోరైడ్‌గా అడుక్కి దించి, వేరే డబ్బాలో దాస్తాను.
సార్, ఈసారి మూడూ పక్కపక్కన చేస్తాను: తొక్క రసం వెండి, సిట్రేట్ వెండి, వెండి లేకుండా ఒట్టి రసం. ఎంత బోరోహైడ్రైడ్, ఎన్ని నీళ్లు, ఎన్నిసార్లు తిరిగి వాడానో అన్నీ రాస్తాను. అప్పటిదాకా ప్రాజెక్టు పేరులో ‘గ్రీన్’ తీసేశాను. కోవూరు వైపు మిల్లుల్లో నల్ల బొగ్గు లేకుండా తెల్లగా కాలిన ఊక బూడిద ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. అర కిలో చాలు, బస్సులో వచ్చి తీసుకుంటాను.