మా అపార్ట్‌మెంట్‌లో ట్రాన్స్‌మహిళని ఖాళీ చేయించాలంటున్నారు, నేను అడ్డం మాట్లాడాలా?

మియాపూర్_మూడో_అంతస్తు:
మా కింది ఫ్లాట్‌లో ఓ ట్రాన్స్‌మహిళ అద్దెకు దిగి మూడు నెలలైంది. కాల్ సెంటర్‌లో నైట్ షిఫ్ట్, పొద్దున ఏడింటికి వచ్చి పడుకుంటుంది. ఆమె వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు, నీళ్ల మోటార్ గొడవలన్నీ మిగతా మా అందరివే. నిన్న వాట్సాప్ గ్రూపులో సెక్రటరీ గారు "ఫ్యామిలీలు ఉండే చోటు, ఓనర్‌కి చెప్పి నెలాఖరుకి ఖాళీ చేయిద్దాం" అని పెట్టారు. పద్నాలుగు థంబ్స్‌అప్‌లు. నేను రెండుసార్లు టైప్ చేసి డిలీట్ చేశా. మా ఆవిడేమో "మనకెందుకండీ" అంటోంది. మీరైతే ఏం చేస్తారు?

రామ్_వనస్థలిపురం:
తిడతారని తెలుసు, అయినా చెప్తా. మా గృహప్రవేశానికి ఏడుగురు హిజ్రాలు వచ్చి, పదకొండు వేలు చేతిలో పెట్టేదాకా గుమ్మం దిగలేదు, చుట్టాల ముందు మా అమ్మ ఏడ్చింది. ఈమె మంచిదే కావచ్చు. రేపు ఆమె కోసం ఎవరెవరు వస్తారో?

శ్రావణి_ఎల్ఎల్‌బీ:
రామ్ గారూ, మీ ఇంట్లో జరిగింది బెదిరించి వసూలు చేయడం, దానికి పోలీస్ కంప్లయింట్ ఇవ్వండి, నేనే రాసిస్తా. ఆ ఏడుగురి లెక్క ఈమె ఖాతాలో ఎందుకు? 2019 ట్రాన్స్‌జెండర్ చట్టం సెక్షన్ 3 అద్దె విషయంలో వివక్ష కూడదంటుంది. ఉంటున్న చోటు నుంచి వెళ్లగొడితే సెక్షన్ 18 కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, జరిమానా. తమాషా ఏంటంటే, అసలు ఇల్లే ఇవ్వనన్నవాడి ఊసు సెక్షన్ 18లో లేదు, దిగాక వెళ్లగొట్టినవాడికే శిక్ష. సెక్రటరీ గారు చేస్తానంటున్నది ఆ రెండోదే, అదీ గ్రూపులో రాతపూర్వకంగా :)

రామ్_వనస్థలిపురం:
స్టేషన్‌లో ఎవరు రాసుకుంటారండీ ఆ కేసు?

పాతబస్తీ_చాయ్:
అది నిజమే అన్నా. మన దగ్గర 1919 నాటి నిజాం చట్టం ఒకటి ఉండేది, హిజ్రాల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించడం, ఆడబట్టలతో బజార్లో పాడినా ఆడినా పోలీసులు వారెంట్ లేకుండా అరెస్టు చేయడం, రెండేళ్ల దాకా జైలు. 2018లో ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి వాళ్లు కోర్టుకెళ్తే, 2023 జులైలో గానీ తెలంగాణ హైకోర్టు కొట్టేయలేదు. అదే 2018 మే నెలలో చాంద్రాయణగుట్టలో, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న వాట్సాప్ పుకారుతో గుంపు ఓ ట్రాన్స్‌మహిళని కొట్టి చంపింది. ఆ థంబ్స్‌అప్‌లు చూస్తే నాకదే గుర్తొచ్చింది.

రామ్_వనస్థలిపురం:
ఇల్లు ఖాళీ చేయమనడానికి, హత్యకి పోలికా? టూమచ్.

పాతబస్తీ_చాయ్:
కొంచెం ఎక్కువే అన్నాను, సరే. కానీ రెండుచోట్లా పక్కనున్నవాళ్లు నోరు మెదపలేదు కదా.

చంద్రిక_విజయవాడ:
నేను ట్రాన్స్‌నే. ఐదేళ్లలో నాలుగు ఇళ్లు మారా. "ఫ్యామిలీయా, బ్యాచిలరా" అంటాడు బ్రోకర్, సంగతి చెప్పగానే లైన్ కట్. ఆ వసూళ్లంటే నాకూ చిరాకే రామ్ గారూ, కానీ పని ఇస్తే చేస్తాం, 2024 డిసెంబర్‌లో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులకి సాయంగా మావాళ్లని 39 మందిని తీసుకున్నారు, చెయ్యి చాపే సిగ్నల్స్ దగ్గరే ఇప్పుడు డ్యూటీ. ఇంతకీ పోస్ట్ పెట్టినాయనా, ఇన్ని మాటలయ్యాయి, ఆమెని ఎవరైనా అడిగారా? నాకోసం ఒకాయన మంచి మనసుతోనే గ్రూపులో ఇంత పొడుగు మెసేజ్ పెట్టాడు, అప్పటిదాకా నా సంగతి తెలియని రెండు వీధులకీ తెలిసిపోయింది. ముందు తలుపు కొట్టండి. ఉంటానంటే సెక్షన్ 18 గ్రూపులో పెట్టండి, వద్దంటే అడ్వాన్స్ అన్నా తిరిగి ఇప్పించండి.

మియాపూర్_మూడో_అంతస్తు:
పొద్దున లిఫ్ట్ దగ్గర అడిగా. ఆమెకి ముందే తెలుసు, ఎవరో స్క్రీన్‌షాట్ పంపారట. "ఓనర్‌తో మాట్లాడేటప్పుడు పక్కన ఉంటారా అంకుల్" అంది. ఆదివారం వెళ్తున్నాం. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.